దూదిలో చెయ్యి

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి దాటి కొంచెం లోపలికి పోతే ఆ పాత సినిమా హాలు ఉంటుంది. మూతపడి చాలా ఏళ్లయింది. ఒకప్పుడు సైకిళ్లు పెట్టుకునే చోట ఇప్పుడు కొబ్బరి బోండాలు అమ్ముకుంటున్నారు. గోడ మీద మిగిలిన పోస్టర్ల ముక్కలు ఎండకు పెళుసుబారి, గాలి వీస్తే పటపటమంటాయి. ఒక మధ్యాహ్నం పూట కీబోర్డు భుజానికి తగిలించుకుని నేను ఆ హాల్లో అడుగుపెట్టాను.

నా పేరు జ్యోతి. జమ్మలమడుగులో ఒక స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్తాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. మా తమ్ముడు నవీన్ కుమార్‌కు ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. నాయన పోయినాక ఇంట్లో అమ్మ, నేను, వాడు.

మా అమ్మ సుశీలమ్మకు చెవులు వినపడవు. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయినాయి. అప్పటికే మాటలు వచ్చేసినాయి కాబట్టి మాట్లాడుతుంది. కానీ తన గొంతు తనకు తెలియదు కదా, ఎత్తూ పల్లం లేకుండా ఒకే తీరుగా ఉంటుంది ఆ మాట. మనం ఏమన్నా పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. వీధికి అవతల ఇద్దరు గొడవ పడుతుంటే ఈ అరుగు మీద కూర్చొని ఎవరు ఎవరిని ఏమన్నారో మాకు చెప్పేస్తుంది.

నన్ను ఆ హాలుకు పిలిపించింది మనోహర్ సార్. ఆయన బంగారు వ్యాపారం ప్రొద్దుటూరులో అందరికీ తెలిసిందే. మనిషి మంచి సరదా మనిషి. ఆయన నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. వాళ్ల జేజినాయన, అంటే తాత కాలంలో మైదుకూరు రోడ్డులో పత్తి మిల్లు ఉండేదంట. ఈమధ్య దాన్ని పడగొట్టేటప్పుడు అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. అందులో పాత ఫిల్ము రీళ్లు. చాలావరకు జిగురు ముద్దయిపోయినాయి. ఒక్కటి మాత్రం బాగుంది. నవీన్ దాన్ని చెన్నైకి తీసుకుపోయి కంప్యూటర్లోకి ఎక్కించుకుని వచ్చాడు.

అది మాటలు లేని సినిమా. నలుపు తెలుపు. పట్టుమని పావుగంట కూడా ఉండదు. జేజినాయన మద్రాసు నుంచి కెమెరా తెప్పించి, మిల్లులో కూలోళ్లనే పెట్టుకుని, సరదాకు తీసుకున్న హాస్యం బొమ్మ.

"పులివెందులలో కొత్త అంగడి తెరుస్తాండాం కదమా. దానికంటే ముందు బంధువులకంతా ఈ బొమ్మ చూపిస్తా, మా హాల్లోనే" అన్నాడు మనోహర్ సార్. "మూగ బొమ్మ గదా, నువ్వు పక్కన కూచోని వాయించాల. పాతకాలంలో అట్లనే చేసేటోళ్లంట."

నాకు బాగానే అనిపించింది. ఇట్లాంటి పని మళ్లీ ఎప్పుడొస్తుంది?

ఆ మధ్యాహ్నం వాయించి చూసుకోవడానికి పోయాను. హాలు కాపలా చూసే ఖాదర్ మామ తలుపు తీశాడు. హాలు నడిచిన కాలంలో ఆపరేటరు ఆయనే. బయట ఎండ కళ్లలో పొడుస్తుంటే లోపల గుడ్డి చీకటి. గబ్బిలాల కంపు, తడిసి ఆరిన కొబ్బరి పీచు వాసన, ఎప్పటివో బీడీల వాసన. పైకప్పు రేకుల్లో ఎక్కడో పావురం గురగురమంటోంది. స్టేజీ మీద కొత్త తెల్లగుడ్డ కట్టారు. అది గాలి లేకపోయినా కొంచెం కొంచెం ఊగుతోంది.

నవీన్ లాప్‌టాప్, ప్రొజెక్టరు పెట్టి బొమ్మ వేశాడు.

మొదట గీతలు, చుక్కలు. తర్వాత పత్తి మిల్లు వాకిలి. లావుపాటి యజమాని, కోటు, తలపాగా, బొగ్గుతో గీసుకున్న మీసాలు. ఆయనే జేజినాయన. ఆయన కింద పనిచేసే కూలోడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎవరిదో పెద్ద కోటు తొడిగారు వానికి. యజమానికి విసనకర్ర విసురుతా విసురుతా నిద్రపోయి ఆయన ఒళ్లోనే పడతాడు. సున్నం బకెట్టు తన్ని ఆయన నెత్తిన పోస్తాడు. మేక వచ్చి ఆయన పంచె నములుతుంది. అందరూ గబగబా, తాళం చెవి తిప్పి వదిలిన బొమ్మల్లాగా పరుగులు.

ఆఖరున యజమాని కర్ర తీసుకుని తరుముతాడు. కూలోడు పోయి పత్తి బేళ్లు కట్టే గుంతలో దూకుతాడు. నిలువెత్తు గుంత అది, చుట్టూ చెక్కలు. యజమాని చెయ్యి ఊపుతాడు. మనుషులు వచ్చి గంపలకొద్దీ పత్తి కుమ్మరిస్తారు. కొందరు లోపలికి దిగి తొక్కుతారు. దూది మధ్యలో ఒక్కసారి వాని మొగం తేలుతుంది. నోరు తెరిచి ఏదో అంటాడు. మళ్లీ పత్తి. ఆ తర్వాత ఒక చెయ్యి మాత్రం పైకొచ్చి ఊగుతుంది, పోయొస్తానన్నట్టు. యజమాని తన నోట్లోని చుట్ట తీసి ఆ వేళ్ల మధ్య పెడతాడు. చుట్టూ ఉన్నోళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. చెయ్యి ఊగడం ఆగిపోతుంది. చుట్ట జారి పడుతుంది.

సమాప్తం.

నవీన్ పగలబడి నవ్వాడు. ఖాదర్ మామ కూడా, పళ్లు లేని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. "ఏం చేసినాడప్పా! ఆ చెయ్యి చూడు, నిజ్జంగా ప్రాణం పోయినట్టే ఆపినాడు" అన్నాడు. నేను తెర వైపు ఒక కన్ను, కీబోర్డు మెట్ల మీద ఒక కన్ను పెట్టి ఎక్కడ ఏ రాగం వేయాలో చూసుకుంటున్నాను.

సాయంత్రానికల్లా నవీన్ దూదిలో మొగం తేలి, చెయ్యి ఊగే ముక్కను కత్తిరించి, మళ్లీ మళ్లీ తిరిగేటట్టు పెట్టి, వెనక నవ్వుల చప్పుడు కలిపి, తెలిసిన వాళ్లందరికీ ఫోన్లలో పంపాడు. రాత్రి అన్నాల వేళకు ఊరంతా తిరిగింది అది.

"అమ్మా, ఇది చూడు, నగి నగి చస్తావు" అని ఫోను అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మ చూసింది. మళ్లీ చూసింది. ఫోను మొగం దగ్గరికి తెచ్చుకుంది. ఆమె నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది.

"ఈయప్ప ఆట ఆడతా లేడురా" అంది. "అడుక్కుంటాండాడు."

"ఏందిమా?"

"'తొక్కద్దండప్పా, ఊపిరాడతా లేదు. నిజ్జంగానే చెప్తాండా. నగొద్దండప్పా' అంటాండాడు."

నా చేతిలో అన్నం ముద్ద అట్లనే ఉండిపోయింది. అంతకాలం కిందటి బొమ్మ. మాట లేదు, శబ్దం లేదు. ఆ మనిషి ఏమన్నాడో ఇంతవరకూ ఎవ్వరికీ తెలియదు. వాడు అరిచిన అరుపు అందరికీ నవ్వులాటగా కనిపించింది.

నవీన్ ఏదో అనబోయాడు. దగ్గొచ్చింది. నీళ్లు తాగాడు. మళ్లీ దగ్గు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు వేలు పెట్టి తడుముకుని పట్టుకున్నాడు. లాగితే పొడుగ్గా, తెల్లగా, తడిగా... దారం. దారం కూడా కాదు, పేనని దూది పోగు. అది వస్తూనే ఉంది. వాని కళ్లలో నీళ్లు. చివరికి తెగి వచ్చింది.



మరుసటి రోజు వానికి ఆయాసం మొదలైంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్పించాం. ఎక్స్‌రేలు తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. శుభ్రంగా ఉంటే పిల్లోడు ఎందుకు నోరు తెరుచుకుని చేపలాగా కొట్టుకుంటున్నాడో చెప్పలేకపోయినారు.

మంచం పక్కన కూర్చొని అమ్మ మళ్లీ ఆ ఫోను చూస్తోంది.

"ఎందుకుమా అదే పనిగా? పారెయ్ దాన్ని" అన్నాను ఆమె ఎదురుగా వచ్చి.

అమ్మ తల ఎత్తింది. ఆమె మొగంలో నెత్తురు లేదు.

"నిన్నటి మాట అనడంలేదే" అంది.

"ఎవురు?"

"ఈయప్ప. నిన్న నగొద్దండి అన్యాడు. ఈ పొద్దు వేరే ఏదో అంటాండాడు. 'చూస్తాండా, నగినోళ్లందర్నీ చూస్తాండా' అని..." ఫోను నా వైపు తిప్పింది. "పేర్లు చెప్తాండాడు జ్యోతీ. మన నవీను పేరు చెప్తాండాడు."

నేను చూశాను. అదే దూది, అదే మొగం. ముందు వాడు పైకి, యజమాని వైపు చూసినట్టు నాకు గుర్తు. ఇప్పుడు అటు చూడడం లేదు. తిన్నగా మా వైపు చూస్తున్నాడు. పెదాలు మెల్లగా కదిలాయి. న... వీ...

ఫోను ఆపేశాను. అందులోంచి ఆ ముక్కను తీసేశాను. కానీ పోయినది పోయింది. ఎందరి దగ్గర తిరుగుతోందో ఎవరికి తెలుసు?

ఆ పొద్దే బస్సెక్కి పులివెందుల పోయాను. మనోహర్ సార్ కొత్త అంగట్లోనే ఉన్నాడు. రంగుల వాసన, అద్దాలు బిగించే చప్పుడు. నన్ను చూసి, "రా టీచరమ్మా, మీ తమ్మునికి ఎట్లుంది? ఏం కావాలన్నా అడుగుమా, మొగమాటం వద్దు" అన్నాడు. నిజంగానే అన్నాడు ఆ మాట. అంత మర్యాదస్తుడు.

"సార్, ఆ గుంతలో మనిషి... ఆయన నిజంగా చచ్చిపోయినాడా?" అని అడిగేశాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీకెవురు చెప్పినారు? మా జేజినాయన ఉన్నన్ని దినాలూ ఆ కత చెప్పి చెప్పి నగేటోడు. చచ్చిపోయినాడంట పాపం. అందురూ నగుతాండిరి, ఎవురికి తెలుస్తాది? తెలిసేటప్పటికి అయిపోయింది. గొడవ ఎందుకని అట్లనే మిషన్లో పెట్టి బేలు కట్టి, ఎర్రగుంట్లలో రైలెక్కిచ్చినారంట." ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. "బొంబాయిలో ఆ బేలు ఇప్పినోని మొగం తల్చుకుంటేనే..."

అద్దాలు బిగించే వాళ్లు తల తిప్పి చూశారు. ఆయన నవ్వు అంత పెద్దది.

"ఆయన పేరేంది సార్?"

"వాని పేరా? కూలోని పేరు యాడ తెలుస్తాదిమా ఇన్నేండ్లకు?"

"సార్, ఆ బొమ్మ వేయొద్దండి. దండం పెడతా. మా అమ్మ దాంట్లో మాటలు చదివింది. మా తమ్ముడు..."

"సెవిటామె మాట పట్టుకుని వచ్చినావా?" అన్నాడు మెత్తగానే. "నేను రోజూ చూస్తాండా దాన్ని, పండుకునే ముందు. నాకేమైంది? చూడు." చేతులు చాచి చూపించాడు. "ఆదివారానికి పిలుపులు అందరికీ పోయినాయి. నువ్వు రాకుంటే ఇంగొకరిని పిలుచుకుంటా."

బస్సులో తిరిగొస్తుంటే నాకు ఆయన మాటే చెవిలో ఉంది. నాకేమైంది, చూడు. అవును, నవీన్‌కు ఒక్కసారి నవ్వితే అంత అయింది. ఖాదర్ మామ కూడా దగ్గుతున్నాడని విన్నాను. రోజూ నవ్వే మనిషికి ఎందుకేమీ కాలేదు? ఆయన్ను దేనికి మిగిల్చినట్టు?

అమ్మకు అంతా చెప్పాను. ఆమె నవీన్ దుప్పటి సర్దింది. ముక్కుకు పెట్టిన గొట్టంలో గాలి బుసబుసమంటోంది.

"నేనొస్తా ఆడికి" అంది. "ఆయప్ప చెప్పేది ఆ పొద్దు ఎవురికీ వినపడల్యా. ఎవురో ఒగరు వినిపించాల గదా. వినిపిస్తే నగు ఆగిపోతాది. నగు ఆగితే మన పిల్లోన్ని ఇడుస్తాడు."

ఆమె ప్రార్థన చేసుకుంది. నేను కూడా కళ్లు మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. పట్టుచీరలు, మల్లెపూలు, అత్తరు. గబ్బిలాల కంపులో అవన్నీ కలిసిపోయినాయి. ఫ్యాన్లు లేవు. తలుపులు మూశారు. మనోహర్ సార్ ముందు వరసలో నడిమధ్య కూర్చున్నాడు. అమ్మను నా పక్కనే స్టేజీ మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. నవీన్ బదులు ఖాదర్ మామ లాప్‌టాప్ దగ్గర నిలబడ్డాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని.

బొమ్మ మొదలైంది. నేను వాయించాను. నిద్రపోయి ఒళ్లో పడ్డాడు, జనం నవ్వారు. సున్నం పడింది, నవ్వారు. మేకకు ఈలలు వేశారు. ముందు వరసలోంచి మనోహర్ సార్ నవ్వు ఒక్కటీ అన్నిటికంటే పైన.

కూలోడు గుంతలో దూకాడు.

పత్తి పోశారు. తొక్కుతున్నారు. దూదిలో మొగం తేలింది.

అమ్మ లేచి నిలబడింది. తెర పక్కగా, ఆ వెలుగు సగం మొగం మీద పడుతుండగా, తన ఒకే తీరు గొంతుతో చెప్పింది.

"తొక్కద్దండప్పా. ఊపిరాడతా లేదు."

కొందరు ఇంకా గట్టిగా నవ్వారు. ఇది కూడా ఆటలో భాగమనుకున్నారు.

"నిజ్జంగానే చెప్తాండా. నగొద్దండప్పా. నా కాళ్లు ఇరిగినాయి. దూది నోట్లోకి పోతాంది. నగొద్దండప్పా."

నవ్వు తగ్గింది. వెనక ఎవరో పిల్ల ఏడ్చింది. "ఎవురా యమ్మ? కూచోబెట్టండి" అని ఒక మగ గొంతు. నేను వాయించడం ఆపేశాను. హాల్లో ఇప్పుడు అమ్మ గొంతు తప్ప ఏమీ లేదు. నవ్వు ఆగింది... నవ్వు ఆగింది ప్రభువా, అనుకున్నాను. ఇంక అయిపోతుంది. చెయ్యి వస్తుంది, చుట్ట పడుతుంది, సమాప్తం.

చెయ్యి రాలేదు.

మొగం అట్లనే ఉంది. పత్తి పోసే వాళ్లు ఆగిపోయారు. తొక్కే వాళ్లు ఆగిపోయారు. బొమ్మలో ఒక్కొక్కరే పక్కకు తప్పుకుని చట్రం బయటికి వెళ్లిపోయారు. ఆఖరుకు యజమాని కూడా కనపడలేదు. ఆ తెల్లటి దూదిలో ఆ ఒక్క మొగం. అది పెద్దదవుతోంది. కెమెరా దగ్గరికి పోయినట్టు కాదు... వాడే దగ్గరికి వస్తున్నట్టు.

పెదాలు కదిలాయి.

"నగినారు గదా" అంది అమ్మ. "శానా నగినారు. ఇప్పుడు నేను చూస్తా."

"మా... చాలుమా, కూచో" అని ఆమె చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. అప్పుడు చూశాను. అమ్మ మొగంలో భయం. అమ్మ నోరు మూసుకుని ఉంది. రెండు చేతులతో గట్టిగా మూసుకుంది.

మాట ఆగలేదు.

"సామీ..." అంటోంది ఆ గొంతు. అదే ఎత్తూ పల్లం లేని గొంతు. హాలు నాలుగు మూలల నుంచీ. "సామీ... ఈడ శానా మెత్తగా ఉండాది సామీ. రా. నువ్వూ రా."

ముందు వరసలో మనోహర్ సార్ లేచాడు.

ఆయన నవ్వుతున్నాడు. నోరు బార్లా తెరిచి, భుజాలు ఎగరేస్తూ, పొట్ట పట్టుకుని. కానీ చప్పుడు లేదు. వీధి చివరిదాకా వినిపించే ఆ నవ్వుకు ఇప్పుడు పిసరంత శబ్దం కూడా లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కళ్లు నవ్వడం లేదు. అవి నన్ను పట్టుకున్నాయి, ఆపమ్మా అన్నట్టు. కాళ్లు మాత్రం మెట్లెక్కుతున్నాయి. గబగబా... అడ్డదిడ్డంగా... తాళం తిప్పి వదిలిన బొమ్మలాగా.

"ఖాదర్ మామా! ఆపు! ఆపెయ్!"

ఖాదర్ మామ తీగ పీకేశాడు. ప్రొజెక్టరు దీపం ఆరిపోయింది.

బొమ్మ ఆరలేదు.

వెనక నుంచి వెలుగు రావడం లేదు. అయినా తెర వెలుగుతోంది. మనోహర్ సార్ నీడ దాని మీద పడాలి కదా... పడలేదు. ఆయన తెర అంచు పట్టుకుని, గుడ్డ పక్కకు తొలగించుకుని, వెనక్కి పోయాడు. ముక్కులో పాతకాలం పత్తి వాసన, ఎండిన గింజల వాసన. గొంతులో దురద. హాలంతా ఒకేసారి దగ్గడం మొదలుపెట్టింది.

తెర పైఅంచు మీదుగా ఒక చెయ్యి లేచింది. వేళ్లకు బంగారు ఉంగరాలు. ఊగింది... ఊగింది...

ఎవరో పిల్లోడు నవ్వాడు. వాళ్లమ్మ వాని నోరు మూసింది.

చెయ్యి ఆగిపోయింది.

అప్పుడు తెర నల్లబడింది. తలుపులు ఎవరు తీశారో తెలియదు, ఎండ లోపలికి విరుచుకుపడింది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పరిగెత్తారు. నేను, ఖాదర్ మామ, మనోహర్ సార్ అన్నదమ్ములు తెర వెనక్కి పోయాం. అక్కడ గోడకూ గుడ్డకూ మధ్య మనిషి పట్టేంత సందు. ఆయన నిలబడే ఉన్నాడు, గోడకు ఆనుకుని. ఆ సందులో ఎక్కి నిలబడడానికి ఏమీ లేదు, తెర పైఅంచేమో ఏ మనిషి చేతికీ అందనంత ఎత్తు. ఆయన నోరు, ముక్కు, గొంతు లోపలిదాకా పత్తి. మంచి దూది కాదు. గింజలతో ఉన్న పచ్చి పత్తి. దవడ ఊడేదాకా కూరినట్టుంది.

గుండెపోటు అన్నారు. ఆయాసంలో పిచ్చిపట్టి కుర్చీల్లో దూది పీక్కుని తిన్నాడేమో అన్నారు. ఖాదర్ మామ ఆ మాట విని, "ఆ కుర్చీల్లో ఉండేది కొబ్బరి పీచప్పా" అని మాత్రం అన్నాడు. దాని తర్వాత ఆయన హాలు తాళాలు మనోహర్ సార్ వాళ్ల ఇంట్లో ఇచ్చేసి మళ్లీ ఆ వీధికి రాలేదు.

నవీన్‌కు ఆ మధ్యాహ్నమే ఊపిరి ఆడింది. గొట్టం తానే పీకేసుకుని, ఆకలి అన్నాడంట. మేం పోయేసరికి ఇడ్లీ తింటున్నాడు. వాణ్ణి పట్టుకుని నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. మంచం అంచున కూర్చొని తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి ఆమె ఎక్కువ మాట్లాడడం లేదు. మాట్లాడబోయే ముందు నోటి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటుంది, కదిలేది తన పెదాలేనా అని.

లాప్‌టాప్‌లో ఆ సినిమా ఇప్పుడు లేదు. పేరు ఉంది. తెరిస్తే తెల్లగా ఉంటుంది, అంతే. నవీన్ దాన్ని కూడా చెరిపేశాడు. మనోహర్ సార్ వాళ్లు ఆ రీలు తగలబెట్టించారని విన్నాను. పులివెందుల అంగడి తెరవలేదు. చర్చిలో ఇద్దరి ఆత్మలకు శాంతి కోసం ప్రార్థన చేయమని పాస్టరును అడిగాను. ఎవరి కోసమమ్మా, పేరు చెప్పు, అన్నాడు. మనోహర్ సార్ పేరు చెప్పాను. రెండో పేరు నాకు తెలియదు.

మొన్న సాయంత్రం చీకటి పడే వేళ, నేను వంటింట్లో ఉన్నాను. నవీన్ ఇంకా రాలేదు. అమ్మ నడవలో చాప మీద కాళ్లు చాపుకుని శెనక్కాయలు ఒలుస్తోంది, వీపు తలుపు వైపు పెట్టి.

"జ్యోతీ" అంది. "పోయి తలుపు తీయి. ఎంతసేపని కొడతారు?"

నాకు ఏ చప్పుడూ వినపడలేదు. స్టవ్వు ఆపి చెవి పెట్టాను. ఏమీ లేదు. అమ్మ తల కొంచెం వంచి వింటోంది. వినే మనుషులు ఎట్లా వంచుతారో అట్లా. పుట్టి బుద్ధెరిగినాక ఆమె అట్లా చేయడం నేను చూడలేదు.

పోయి తలుపు తీశాను. వాకిట్లో ఎవ్వరూ లేరు. వీధి లైటు కింద ఒక కుక్క పడుకుని ఉంది. చల్లగాలి మొగానికి కొట్టింది, ఎండిన పత్తిగింజల వాసనతో.

"ఎవురూ లేరుమా" అని వెనక్కి తిరిగాను.

అమ్మ నా పెదాలు చూడడం లేదు. చేట పక్కకు జరిపింది. చాపిన కాళ్లు దగ్గరికి ముడుచుకుంది, లోపలికి పోయే మనిషికి దోవ ఇచ్చినట్టు. మళ్లీ చాపింది.

కాసేపటికి ఇంకోసారి ముడుచుకుంది, వెనకనే ఇంకొకరు వచ్చినట్టు.